చేద్దామా, కొందామా?

సంక్రాంతి దగ్గర పడుతుంటే చాలా ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. ఈసారి అరిసెలు ఇంట్లో చేద్దామా, కొనేద్దామా? "బయటివాటికి ఆ రుచి ఎక్కడొస్తుంది?" అని ఒకరంటారు. "పాకం పట్టేదెవరు, పిండి కలిపేదెవరు?" అని ఇంకొకరు. పండగ వెళ్లిపోయినా ఆ చర్చ మాత్రం పోదు. ఇడ్లీ పిండి దగ్గర, నెయ్యి దగ్గర, పనీరు దగ్గర, ఎండాకాలం రాగానే ఆవకాయ దగ్గర మళ్లీ తలెత్తుతుంది. ఇన్నిసార్లు ఎదురయ్యే ప్రశ్నే అయినా, దాని సంగతేమిటో తేల్చుకుందామని మనలో చాలామందిమి ఒక్కసారి కూడా కూర్చోం. కొనేవాళ్లు ఏదో తప్పు చేస్తున్నట్టు కొంటారు. చేసేవాళ్లు తప్పనిసరైనట్టు చేస్తారు. రెండూ మనసుకు బరువే.

ఈ అధ్యాయంలో ఆ బరువు దించుకునే దారి చెబుతాను. ఏది చేసుకోవాలి, ఏది కొనుక్కోవాలి అన్నదాన్ని పరువుతో ముడిపెట్టకండి. ఒక్కో వస్తువుకు విడిగా లెక్క వేసుకోండి. ఆ లెక్కలో డబ్బు ఉంటుంది, రుచి ఉంటుంది, ఆరోగ్యం ఉంటుంది. వాటన్నిటికన్నా ముందు రావలసింది, మనం ఎప్పుడూ వేసుకోనిది ఒకటుంది: ఆ పనికి ఎవరి చేతులు ఎంతసేపు పడుతున్నాయి అన్నది.

అమ్మమ్మలు కూడా కొన్నారు

"మా అమ్మమ్మ కాలంలో అన్నీ ఇంట్లోనే" అనే మాట మనల్ని చాలా ఇబ్బంది పెడుతుంది. అందులో నిజం కొంతే. నువ్వుల నూనె గానుగ దగ్గర ఆడించుకున్నారు. వడ్లు మిల్లుకు పంపారు. బెల్లం బెల్లం వండే ఊళ్ల నుంచి వచ్చింది. పూతరేకులు ఎవరికి వారు ఇంట్లో చేసుకోలేదు, ఆత్రేయపురం నుంచి తెప్పించుకున్నారు. పొయ్యి మీద బోర్లించిన కుండ, పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డ, వేడెక్కిన కుండ మీద ఆ గుడ్డను ఒక్క లాగు లాగితే కాగితం కన్నా పల్చగా వచ్చే రేకు. ఏళ్ల తరబడి రోజూ అదే పని చేస్తే గాని రాని చేతివాటం అది. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందే బందరు లడ్డుకు వచ్చింది. తాపేశ్వరం కాజా పేరు ఎంత దూరం పాకిందో మీకు తెలుసు. ఇవి కొనుక్కున్నందుకు ఏ అమ్మమ్మా సిగ్గుపడలేదు.

అప్పడాల సంగతి చూడండి. 1959లో బొంబాయి గిర్‌గావ్‌లో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడ మీద కూర్చుని అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. అదే తర్వాత లిజ్జత్ పాపడ్ అయింది. అప్పడాలు కొనడమంటే మొదటినుంచీ ఇంకో ఇల్లాలి శ్రమను డబ్బిచ్చి తీసుకోవడమే. హైదరాబాదు వీధుల్లో కనిపించే స్వగృహ ఫుడ్స్ దుకాణాలూ అలాంటివే. వాటి పేరులోనే "మన ఇల్లు" ఉంది. వాటి వెనక గదుల్లో జంతికల గొట్టం పట్టుకుని నిలబడేది చాలాచోట్ల ఆడవాళ్లే.

ఇంకో ఉదాహరణ మన పొయ్యి మీదే ఉంది. తెలుగిళ్లలో "ఇంట్లో చేసిన ఇడ్లీ" అని గర్వంగా చెప్పుకునేదానిలో మినపప్పు ఒక వంతు, ఇడ్లీ రవ్వ రెండు వంతులు. ఆ రవ్వ మిల్లు పట్టింది, కొట్టు అమ్మింది. అంటే ఇంటి పనిలో సగం ఎప్పుడో బయటికి వెళ్లిపోయింది. అయినా ఆ ఇడ్లీని ఇంటి ఇడ్లీ అనే అంటాం, అనాలి కూడా. ఇంటికీ బజారుకూ మధ్య గీత ఎప్పుడూ కదులుతూనే వచ్చింది. దాన్ని ఈనాటి మన ఇంటికి తగ్గట్టు మనం గీసుకోవచ్చు.

చేతిపని వేరు, ఎదురుచూపు వేరు

కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొనే ఆడవాళ్లు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అలా పాల్గొనే మగవాళ్లు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. మొదటిది దాదాపు ఐదు గంటలు. "ఇంట్లో చేసుకుంటే చవక" అని ఎవరైనా అన్నప్పుడు ఆ చవకలో ఈ ఐదు గంటల విలువ సున్నా కట్టారని గుర్తుంచుకోండి. సున్నా కట్టినంత కాలం ఇంట్లో చేసేదే గెలుస్తుంది, ఎవరో ఒకరు అలసిపోతారు.

కనుక వంటపనిలో గడియారాన్ని రెండుగా చీల్చి చూడండి. చేతులు కదిలే సమయం ఒకటి. దానంతట అది అయ్యే సమయం మరొకటి. పెరుగు తోడుకోవడానికి ఆరేడు గంటలు పడుతుంది, మీ చేతులు పని చేసేది రెండు నిమిషాలు. అరిసెలు మూడు నాలుగు గంటల్లో అయిపోతాయి, కాని ఆ మూడు నాలుగు గంటలూ ఎవరో ఒకరు పొయ్యి దగ్గర నిలబడే ఉండాలి. మొదటిదాన్ని "చాలాసేపు పడుతుంది" అని మానేసి, రెండోదాన్ని "పండగ కదా" అని నెత్తికెత్తుకోవడం మన ఇళ్లలో తరచూ జరిగేదే. దానంతట అది అయ్యేవాటిని ఇంట్లో ఉంచుకోండి. చేతుల్ని గంటల తరబడి పట్టేవాటిని కొనడం గురించి ముందు ఆలోచించండి. ఈ ఒక్క వడపోతతోనే సగం ప్రశ్నలు తేలిపోతాయి.

పెరుగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనే అలవాటు దీనిలో చాలా తొందరగా పాకింది. లీటరు పాలు కాస్తే దాదాపు కిలో పెరుగవుతుంది. మీ ఊళ్లో పాల ప్యాకెట్ ధర, అదే రకం పెరుగు ధర పక్కపక్కన పెట్టి చూసుకోండి. కిలో పెరుగుకు ఎంత ఎక్కువ ఇస్తున్నారో నేను చెప్పనక్కర్లేదు. పాలు పొంగనిచ్చి, రెండు మూడు నిమిషాలు సన్న సెగ మీద ఉంచి దించండి. తర్వాత చల్లారనివ్వండి, వేలు ముంచితే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. అర లీటరుకు ఒక చెంచా తోడు చాలు. తోడు ఎక్కువ వేస్తే తొందరగా తోడుకుంటుంది గాని తొందరగా పులుస్తుంది కూడా. ఒకసారి కలిపి, మూతపెట్టి, ఇక గిన్నె కదపకండి. వేసవిలో ఐదారు గంటలు, చలికాలంలో రాత్రంతా. చలి మరీ ఎక్కువైతే గిన్నెను హాట్‌బాక్సులో పెట్టండి, లేదా బియ్యం డబ్బాలో దింపండి. తోడుకోగానే ఫ్రిజ్‌లోకి మార్చండి. జిగురుగా సాగుతుంటే తోడు పాడైందని అర్థం. పక్కింటివాళ్లను అడిగి కొత్త తోడు తెచ్చుకోండి. ఇంతకు మించి ఇందులో విద్య లేదు. రోజూ తినే వస్తువు, చేతిపని రెండు నిమిషాలు, కొన్నదానికన్నా రుచి తక్కువ కాదు, ఖర్చు తక్కువ. ఎటు చూసినా ఇంటిదే పైచేయి.

ఇడ్లీ పిండి అంత తేలిగ్గా తేలదు. మినపప్పు నాలుగైదు గంటలు నానాలి, గ్రైండర్‌లో అరగంట తిరగాలి, కడిగి పిండిన రవ్వ కలపాలి, ఎనిమిది పది గంటలు పులవాలి. ఇందులో ఎదురుచూపే ఎక్కువ. అసలు విసుగంతా గ్రైండర్ కడగడంలో ఉంది. బరువైన రాళ్లు ఎత్తి, సందుల్లో అంటుకున్న పిండి వదిలించి, ఆరబెట్టాలి. గ్రైండర్ గట్టు మీద శాశ్వతంగా ఉన్న ఇంట్లో పిండి ఇంట్లో రుబ్బుతారు. అటక మీద ఉన్న ఇంట్లో ప్యాకెట్ కొంటారు. ఇది నేను చాలా ఇళ్లలో చూసిన సంగతి. పిండి ఇంట్లో చేసుకోవాలని నిజంగా అనుకుంటే ముందు గ్రైండర్‌కు గట్టు మీద చోటివ్వండి.

లెక్కకొస్తే, గ్లాసు మినపప్పుకు రెండు గ్లాసుల రవ్వ పోస్తే 30 ఇడ్లీల దాకా వస్తాయి. నలుగురున్న ఇంటికి అది రెండు పూటల టిఫిను. వారానికి రెండు మూడు పూటలు ఇడ్లీ, దోసె తినే ఇంటికి రుబ్బుకోవడమే లాభం. ఒక్కరో ఇద్దరో ఉండి, పది రోజులకోసారి తినేవాళ్లకు ప్యాకెట్టే సరైనది. కొద్దిపాటి పప్పు కోసం గ్రైండర్ కడగడం దండగ. 2005లో బెంగళూరులో ఐడీ ఫ్రెష్ మొదలయ్యాక ఈ పిండి వ్యాపారం ఊరూరా పాకింది. ఇప్పుడు వీధి చివర డెయిరీ బూత్‌లో కూడా పిండి దొరుకుతోంది. కొనేటప్పుడు తేదీ చూడండి, ప్యాకెట్ ఉబ్బి ఉంటే వదిలేయండి. పిండి ఫ్రిజ్‌లో కూడా నెమ్మదిగా పులుస్తూనే ఉంటుంది, ఉబ్బు దానికి గుర్తు. పులుపు ఎక్కిన పిండి ఇడ్లీకి పనికిరాదు గాని ఊతప్పానికి పనికొస్తుంది.

పెసరట్టు పిండి మాత్రం ఎప్పుడూ కొనకండి. దాన్ని పులియబెట్టనక్కర్లేదు. రాత్రి నానబోసిన పెసలు, అల్లం ముక్క, పచ్చిమిర్చి పొద్దున మిక్సీలో వేస్తే ఐదు నిమిషాల్లో పిండి సిద్ధం. ఆ పచ్చి పెసర వాసన కొన్న పిండిలో మిగలదు.

అల్లం వెల్లుల్లి

నా దృష్టిలో ఇంట్లోనే చేసుకోవలసిన వస్తువుల్లో పెరుగు తర్వాత అల్లం వెల్లుల్లి ముద్దే. కొన్న సీసా వెనక్కి తిప్పి చదవండి. అల్లం, వెల్లుల్లి తర్వాత నీళ్లు, ఉప్పు, 330 లేదా 260 అంకెతో పులుపునిచ్చే ఆమ్లం, చిక్కదనానికి 415 అనే గ్జాంథన్ గమ్ కనిపిస్తాయి. వీటిని చట్టం అనుమతించింది, భయపడనక్కర్లేదు. కాని కూరలో అల్లం వాసనకు బదులు సన్నటి పులుపు తగులుతుందే, దానికి కారణం ఆ ఆమ్లాలే. లేబుల్ లేని సంచుల్లో, బకెట్లలో దొరికే ముద్ద సంగతి పూర్తిగా వేరు. హైదరాబాదు చుట్టుపక్కల కల్తీ అల్లం వెల్లుల్లి ముద్ద తయారుచేసే షెడ్ల మీద పోలీసులు దాడులు చేశారన్న వార్తలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. అది ఎంత చవకైనా ఇంట్లోకి రానివ్వకండి.

ఇక్కడ కష్టమంతా వెల్లుల్లి ఒలవడమే. పావు కిలో వెల్లుల్లి ఒలవడానికి అరగంట పైనే పడుతుంది, గోళ్లు మండుతాయి. రెబ్బలు విడదీసి గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు వేస్తే పొట్టు జారిపోతుంది. అదీ వద్దనుకుంటే రైతు బజారులో, కూరగాయల కొట్లలో ఒలిచిన వెల్లుల్లి అమ్ముతారు, అది కొనండి. తాజాగా, గట్టిగా ఉన్నవి చూసుకోండి. పావు కిలో అల్లం, పావు కిలో వెల్లుల్లి, కొంచెం ఉప్పు, చెంచా నూనె వేసి, నీళ్లు తగలకుండా రుబ్బండి. వారానికి సరిపడా సీసాలో పెట్టి, మిగతాది ఐస్ ట్రేలో గడ్డకట్టించి, ఆ గడ్డలు ఒక డబ్బాలో వేసుకోండి. కూరకు ఒక గడ్డ. ఒక జాగ్రత్త తప్పనిసరి: వెల్లుల్లి ముద్దను గాని, నూనెలో వేసిన పచ్చి వెల్లుల్లిని గాని ఫ్రిజ్ బయట ఉంచకండి. గాలి తగలని ఆ నూనెలో, వెచ్చని చోట, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే విషాన్ని పుట్టించే బాక్టీరియా పెరగగలదు.

పొడులూ ఈ కోవలోవే. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, పల్లీ పొడి. వేయించడానికి పావుగంట, మిక్సీలో రెండు నిమిషాలు. వేయించిన నువ్వుల్లో, పల్లీల్లో నూనె ఉంటుంది, పొడి కొట్టాక అది తొందరగా ముక్కవాసన పడుతుంది. కొట్లో నెలల తరబడి నిలవున్న సీసాకూ నిన్న కొట్టిన పొడికీ తేడా మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. అందుకే పదిహేను రోజులకు సరిపడా కొట్టుకోండి, ఏడాదికి సరిపడా వద్దు.

సగం దారి

చేయడం, కొనడం అని రెండే దారులున్నాయని అనుకోవడం వల్లే చాలామంది ఇరుకున పడతారు. మధ్యలో మంచి దారి ఒకటుంది. ముడి సరుకు మీరు ఎంచుకోండి, కష్టమైన మెట్టు ఇంకొకరికి ఇవ్వండి, చివరి మెట్టు మీ చేతిలో ఉంచుకోండి.

కారమే దీనికి ఉదాహరణ. మిరపకాయలు కొత్త పంట వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య కొని, ఎండబెట్టి, తొడిమలు తీసి, మరలో పట్టించుకోవడం మన ఊళ్ల పద్ధతి. ఘాటుకు తేజ, రంగుకు బ్యాడిగి, రోజువారీ కూరలకు గుంటూరు సన్నం. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా ఎర్రటి రంగిస్తుంది, మంట తక్కువ. ఏది ఎంత కలపాలో మీ నాలుకే చెబుతుంది, ఏ కంపెనీ ఆ పాళ్లు మీకోసం కుదర్చదు. మర దగ్గర నిలబడి పట్టించుకోండి. మీకు ముందు ఏం పట్టారో అడగండి. తెచ్చాక చల్లారనిచ్చి డబ్బాకెత్తండి. ఇది చేయలేనివాళ్లు మంచి పేరున్న ప్యాకెట్ కొనండి. ప్యాకింగు లేకుండా విడిగా పోసి అమ్మే కారం, పసుపు పొడి మాత్రం కొనవద్దు. పొడి చేసిన మసాలాలను అలా విడిగా అమ్మడాన్ని ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. రంగు కల్తీ జరిగేది ఎక్కువగా అక్కడే.

నెయ్యికీ ఇదే దారి. మీగడ పోగుచేసి వెన్న చిలికే ఇళ్లు ఇంకా ఉన్నాయి, ఆ నెయ్యి వాసనకు సాటి లేదు. కాని మీ పాలు ఏవో చూడండి. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం. రోజూ అర లీటరు తీసుకుంటే రోజుకు మొత్తం కొవ్వే 15 గ్రాములు, మీగడలోకి వచ్చేది అందులో కొంతే. నెలంతా గిన్నె ఫ్రిజ్‌లో పెట్టుకుని చివరికి ఒక చిన్న సీసా నిండితే, ఆ శ్రమ దేనికి? గేదె పాలు విడిగా పోయించుకునేవాళ్లకు, 6 శాతం కొవ్వున్న ఫుల్ క్రీమ్ పాలు ఎక్కువగా వాడే ఇంటికి అది గిట్టుబాటు. మిగతావాళ్లు ఉప్పు లేని వెన్న అర కిలో కొని కాచుకోండి. ఇరవై నిమిషాల్లో దగ్గర దగ్గర 400 గ్రాముల నెయ్యి వస్తుంది. చిటపటలు తగ్గి, అడుగున చేరే మడ్డి, అంటే గోదావరి, బంగారు రంగుకు తిరగగానే దించి, ఒక తమలపాకో మునగాకు రెబ్బో వేయండి. ఇల్లంతా వాసనొస్తుంది. పిల్లలకు ఆ గోదావరిలో చక్కెర కలిపి పెట్టండి.

ఆవకాయకు మన బజార్లు ఈ సౌకర్యం ఎప్పుడో కల్పించాయి. కాయ కొన్నచోటే కత్తిపీట పెట్టుకుని ముక్కలు కొట్టిస్తారు. టెంకతో సహా ముక్క సమంగా తెగడం బలమూ ఒడుపూ కావలసిన పని, అది వాళ్లకే వదిలేయండి. "అత్తయ్యా, ముక్కలు కొట్టించుకొచ్చేశాను, మీరు పాళ్లు చూడండి చాలు" అనే కోడలు ఉన్న ఇంట్లో ఆవకాయ సగం రోజు పని. జీడి తీసి, లోపలి పొర ఒలిచి, ముక్కను పొడిగుడ్డతో తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, నువ్వుల నూనెలో ముంచి జాడీకెత్తడం. మూడో రోజు తిరగకలపడం. ఏడాదికి ఒకసారి చేసేది, ఏడాదంతా తినేది. గంటకు వచ్చే ఫలం లెక్కన చూస్తే వంటింట్లో దీనికి మించినది లేదు. కాబట్టి నలుగురు కలిసే వీలున్న ఇల్లు దీన్ని వదులుకోవద్దని నా గట్టి మాట. ఒంటరిగా ఉన్నవాళ్లు, ఏడాదికి అర కిలో మించి తిననివాళ్లు కొనుక్కోండి. చేసి అమ్మే పెద్దావిడ మీ వీధిలోనే ఉండవచ్చు, ముందు ఆవిడ దగ్గర అడగండి.

ఇక మొదట్లో చెప్పుకున్న అరిసెలు ఎందుకు కష్టమంటారా? తడి బియ్యప్పిండి కావాలి. నానిన బియ్యం వడగట్టి, తడి ఆరకముందే పట్టించాలి, ప్యాకెట్‌లో దొరికే పొడి పిండితో కుదరదు. ఉండపాకం రెండు నిమిషాలు ముదిరినా అరిసె రాయవుతుంది, లేతగా దించితే నూనెలో విచ్చిపోతుంది. ఒకరు పాకంలో పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో కలపాలి, ఒకరు వత్తాలి, ఒకరు వేయించి అరిసెల చెక్కల మధ్య నొక్కాలి. ఇది ఒక మనిషి చేసే వంట కాదు. పండక్కి వదినలు, తోడికోడళ్లు, పిల్లలు, పనిలో చేయి వేసే మగవాళ్లు ఇంట్లో ఉంటే చేయండి, ఆ కబుర్లే సగం పండగ. ఒక్కరే చేయవలసి వస్తే ఏ సంకోచమూ లేకుండా కొనండి.

కొనవలసినవి

బ్రెడ్డు, బన్ను, సేమియా, అటుకులు, మరమరాలు, సాసులు, కాఫీ పొడి, పూతరేకులు, కాజాలు, అప్పడాలు: వీటికి ప్రత్యేకమైన యంత్రమో, చేతివాటమో కావాలి. సరదా ఉంటే చేయండి, లేకపోతే కొనండి. వడియాలు మేడ మీద ఎండ, కాకుల కాపలా ఉన్నవాళ్లకే. అపార్ట్‌మెంటు బాల్కనీలో పొద్దుటి గంట ఎండతో బూడిద గుమ్మడి వడియం లోపలిదాకా ఎండదు.

పనీరు దగ్గర కొంచెం ఆగాలి. లీటరు ఫుల్ క్రీమ్ పాలు విరగ్గొడితే 180 నుంచి 200 గ్రాములు వస్తుంది. పని పావుగంట, బరువు కింద పెట్టేది మరో అరగంట. విరిగిన నీళ్లతో చపాతీ పిండి కలుపుకోవచ్చు. ఆ లెక్కతో మీ ఊరి పాల ధర వేసి చూస్తే, పాల ఖర్చుకన్నా తక్కువకు పనీరు ఎలా అమ్ముతున్నారన్న అనుమానం కొన్ని కొట్ల దగ్గర మీకే వస్తుంది. పాల కొవ్వుకు బదులు వంట నూనెలతో చేసినదాన్ని పనీరు పేరుతో అమ్మకూడదు, ప్యాకెట్ మీద అనలాగ్ అని రాయాలి. విడిగా కోసి అమ్మేదానికి ఆ లేబుల్ ఉండదు. కనుక మంచి డెయిరీ ప్యాకెట్ కొనండి, లేదా ఇంట్లో విరగ్గొట్టండి.

కొనేది ఏదైనా లేబుల్ చదవడం అలవాటు చేసుకోండి. అందులో పదార్థాలను ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది వెనక అన్న క్రమంలో రాస్తారు. మొదటి మూడు పేర్లు చదివితే ప్యాకెట్‌లో అసలేం ఉందో తెలిసిపోతుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా లేబుళ్లు చదవమనీ, అతిగా ప్రాసెస్ చేసిన ఆహారం తగ్గించమనీ చెబుతున్నాయి. ఇక్కడ తేడా గమనించండి. కొన్నది ప్రతిదీ చెడ్డది కాదు. ప్యాకెట్ ఇడ్లీ పిండిలో బియ్యం, మినుములు, నీళ్లు, ఉప్పు మాత్రమే ఉంటే అది మీరు రుబ్బినదానికి చుట్టమే. చిప్స్, తీపి పానీయాలు, ఇన్‌స్టంట్ నూడుల్స్ సంగతి వేరు. వాటికి బదులుగా ఇంట్లో ఏం చేయాలని తల బద్దలు కొట్టుకోవద్దు, కొనడం తగ్గిస్తే చాలు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లకు ఈ లెక్క కొంత మారుతుంది. అక్కడ ఇంట్లో పని చేసిపెట్టేవాళ్లు దొరకరు, చలికి పిండి పొంగదు. ఓవెన్ వేయకుండా లోపలి దీపం మాత్రం వెలిగించి అందులో పిండి గిన్నె పెట్టుకునే ఉపాయం అక్కడి తెలుగిళ్లన్నిటికీ తెలుసు. పెరుగుకూ అదే చోటు. ఆవకాయ మాత్రం ఊరి నుంచి సూట్‌కేసులో వస్తుంది. వాళ్లు గీసుకున్న గీత వాళ్లకు సరైనదే, దాన్ని చూసి ఇక్కడివాళ్లు తీర్పులు చెప్పనక్కర్లేదు.

చివరి మాట ఎవరిది

ఈ లెక్కలన్నీ వేశాక ఒక నియమం పెట్టుకోండి. వస్తువు చేసే చేతులు ఎవరివో, నిర్ణయం వాళ్లది. పొయ్యి దగ్గర నిలబడని మనిషి "బయట కొనడమేంటి" అనకూడదు. అంతగా ఇంటి రుచి కావాలనిపిస్తే వెల్లుల్లి ఒలిచిపెట్టాలి, గ్రైండర్ కడగాలి, మర దగ్గరికి మిరపకాయల సంచి మోయాలి. ఈ నియమం పెట్టుకున్న ఇళ్లలో రెండు మార్పులు వస్తాయి. కొన్ని వస్తువులు గొడవ లేకుండా బజారుకు వెళ్లిపోతాయి. కొన్ని, ఎవరూ ఊహించనివి, ఇంటికి తిరిగొస్తాయి, ఎందుకంటే ఇప్పుడు ఆ పనికి ఇద్దరున్నారు.

ఇల్లు మారినప్పుడు గీత మారాలి. పసిబిడ్డ పుట్టినప్పుడు, ఇంట్లో ఒకరికి జబ్బు చేసినప్పుడు, పరీక్షల నెలలో, కొత్త ఉద్యోగం మొదలైనప్పుడు అన్నీ కొనండి. ఉద్యోగ విరమణ చేసి తీరిక దొరికిన దంపతులు ఒక్కొక్కటీ మళ్లీ ఇంట్లోకి తెచ్చుకోవచ్చు. పెద్దవాళ్లకు మరో సంగతి: ఇద్దరే ఉన్న ఇంట్లో పాత కొలతలతో చేయకండి. కిలో పిండి చేసి సగం పారేస్తే, కొన్నదానికన్నా అదే ఖరీదు.

ఈ నెల ఒక పని చేయండి. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, ఇంట్లో చేసినవీ కొన్నవీ రాస్తూ పోండి. ఒక్కో దాని పక్కన ఎవరు చేశారు, చేతిపని ఎంతసేపు పట్టింది, తిన్నప్పుడు తేడా తెలిసిందా అని మూడు ముక్కలు రాయండి. నెలాఖరున ఇంటిల్లిపాదీ కూర్చుని చదవండి. తేడా తెలియనివి, చేతులు ఎక్కువ పట్టినవి వచ్చే నెల నుంచి కొనండి. తేడా తెలిసినవాటిని ఉంచుకుని, పనిని పంచుకోండి. పెరుగు కొనే అలవాటున్నవాళ్లు మాత్రం నెలాఖరు దాకా ఆగవద్దు. ఈ రాత్రే అర లీటరు పాలు తోడు పెట్టండి.